కాగితంలో ఎక్కువ, డాక్టరు నోట తక్కువ

టెక్కలి,
వినాయక చవితి వెళ్ళిన వారం.

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీస్సులు.

మీలో ఏడో తరగతి చదివే గుంట ఒకర్తి అడిగింది: "మా అమ్మ రక్తపరీక్ష కాగితంలో టీఎస్‌హెచ్ 14 అని, పక్కన 'ఎక్కువ' అని ఉంది తాతా. డాక్టరుగారేమో థైరాయిడ్ తక్కువైంది, రోజూ మాత్ర వేసుకోమన్నారు. ఎవరిది తప్పు?"

ఎవరిదీ తప్పు కాదమ్మా. కాగితం కేకను కొలిచింది, డాక్టరుగారు నీటి సంగతి చెప్పారు.

వంశధార ఎడమ కాలువ శివారులో మడి ఉన్న రైతును తలుచుకోండి. మడిలో నీరు తగ్గితే గట్టెక్కి, కాలువ షట్టర్లు చూసే లస్కరును కేకేస్తాడు. లస్కరు షట్టరు ఎత్తుతాడు. మడి నిండితే రైతు ఊరుకుంటాడు. మన ఒళ్ళే ఆ మడి. గొంతు ముందు భాగంలో ఇరవై గ్రాముల బరువుండే థైరాయిడ్ గ్రంథి ఆ లస్కరు. అది వదిలే నీరు థైరాక్సిన్, కాగితంలో టీ4 అని రాసేది దాన్నే. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి రైతు. ఆ రైతు కేక టీఎస్‌హెచ్.

మామూలుగా ఆ కేక 0.4 నుంచి 4 దాకా ఉంటుంది, ల్యాబును బట్టి కాస్త అటూ ఇటూ. 14 అంటే రైతు గొంతు చించుకుంటున్నాడు, అయినా షట్టరు లేవడం లేదు. అందుకే మీ అమ్మకు నీరసం, మలబద్ధకం, జుట్టు రాలడం, ఎండాకాలంలోనూ చలి. పిల్లలకైతే ఎత్తు పెరగడం మందగిస్తుంది. కేక 0.01కి పడిపోయిందనుకోండి, అప్పుడు మడి పొర్లిపోతోందన్నమాట. గుండె దడ, చేతుల వణుకు, తిన్నా చిక్కిపోవడం. అది వేరే జబ్బు, దాని మందూ వేరే.

మరి నీటినే కొలవచ్చు కదా అంటారు. కొలుస్తారు, ఫ్రీ టీ4 పరీక్ష అదే. కానీ నీరు ఒక్క అంగుళం తగ్గితే చాలు, రైతు ముందే అరుస్తాడు. జబ్బు మొదట్లో పట్టిచ్చేది కేకే. ఒకవేళ రైతే జబ్బుపడితే? మడి ఎండుతున్నా కేక వినబడదు. అందుకే మొదటిసారి రెండూ కలిపి చూడటం మంచిది. కేక 4 దాటి 10 లోపు ఉండి, నీరు సరిపడా ఉంటే వెంటనే మాత్ర మొదలుపెట్టక్కర్లేదు. రెండు మూడు నెలలాగి మళ్ళీ చూస్తారు, చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. గర్భిణుల సంగతి వేరు, అక్కడ ఆగకూడదు.

లస్కరుకు ఏమైంది మరి? ఎక్కువమందిలో ఊరి కావలివాళ్ళే అతన్ని దొంగనుకుని కొడుతుంటారు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలు థైరాయిడ్ మీదే పడతాయి. 1912లో హషిమోతో అనే జపాను డాక్టరు ఈ జబ్బును వివరించాడు, దానికి ఆయన పేరే పెట్టారు. ఆ రక్షణ వ్యవస్థ థైరాయిడ్‌కు ఎదురుగా తయారుచేసే పదార్థాలను టీపీఓ యాంటీబాడీలంటారు, వాటి పరీక్షలో ఇది బయటపడుతుంది. మీ అమ్మ ఏదో తిన్నందుకు వచ్చింది కాదు, ఎవరినీ అనకండి.

లస్కరు షట్టరు ఎత్తలేకపోతే బయటి నీరు పెట్టుకోవాలి కదా, అదే ఆ చిన్న మాత్ర. పేరు లెవోథైరాక్సిన్. గ్రంథి పూర్తిగా పనిచేయకపోతే కిలో బరువుకు రోజుకు 1.6 మైక్రోగ్రాముల లెక్క, 60 కిలోల మనిషికి సుమారు 100. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. ముసలివాళ్ళకు, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు 25తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, ఎండిన మడికి ఒక్కసారి నీరు వదిలితే గట్టు తెగుతుంది.

మాత్ర పనిచేయడం లేదని వచ్చేవాళ్ళలో చాలామంది దాన్ని వేసుకునే తీరులోనే లోపం ఉంటుంది. లేవగానే, పరగడుపున, మంచినీళ్ళతో వేసుకోవాలి. టీ గానీ టిఫిను గానీ అరగంట, వీలైతే గంట ఆగాక. ఐరన్, కాల్షియం మాత్రలు నాలుగు గంటలు ఎడంగా. కలిపి మింగితే కడుపులోనే పట్టేసుకుంటాయి, మందు రక్తంలోకి చేరదు. వంటింట్లో పొయ్యి పక్కన పెట్టినా, తేమ తగిలినా మందు పాడవుతుంది. మాత్ర కంపెనీని ఊరికే మార్చకూడదు.

ఇంకోటి. మందు మొదలుపెట్టిన పదో రోజునే పరీక్షకు పరుగెత్తేవాళ్ళున్నారు, డబ్బు దండగ. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, రైతు నమ్మి కేక తగ్గించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, లేకపోతే అంకెలు తప్పుగా వస్తాయి. ఒంట్లో బాగుందని మందు మానేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. బాగుంది మందు వల్లే కదా!

నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపించే లెక్క ఒకటుంది. రోజుకు 100 మైక్రోగ్రాములంటే, ఒక్క గ్రాము థైరాక్సిన్ పదివేల రోజులకు సరిపోతుంది. ఇరవై ఏడేళ్ళు! రోజుకు చిటికెడు ఉప్పంత బరువు కూడా లేని పదార్థం మనిషి ఎత్తు, బుద్ధి, వెచ్చదనం అన్నిటినీ నడుపుతుంది. ఎలా నడుపుతుందో పూర్తిగా చెప్పడం మొదలుపెడితే ఈ ఉత్తరం తెల్లారేదాకా సాగుతుంది, వదిలేస్తున్నాను.

ఉప్పంటే గుర్తొచ్చింది. మా చిన్నతనంలో నౌపడ కల్లుప్పు బళ్ళ మీద ఊళ్ళోకొచ్చేది, కుంచంతో కొలిపించి కుండలో పోసుకునేవాళ్ళు. సముద్రపు ఉప్పు కదా, అయోడిన్ ఉండదా అనుకునేవాళ్ళం. దాదాపు ఉండదు, విడిగా కలపాల్సిందే. లస్కరు కూలి అయోడినే మరి. ఒక్కో టీ4 అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు కావాలి, మీకు 120. గర్భిణికి 250, ఎందుకంటే బిడ్డ మెదడు కూడా ఆ కూలి మీదే ఎదుగుతుంది. అది అందని హిమాలయపు కొండల్లో ఊళ్ళకు ఊళ్ళు గొంతువాపుతో, అంటే థైరాయిడ్ ఉబ్బే గాయిటర్‌తో ఉండేవి. 1956లో కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పు అధ్యయనం మొదలుపెట్టింది మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి గారు. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ళ తరబడి చూశారు. అయోడిన్ ఇచ్చిన చోట వాపులు బాగా తగ్గాయి. 1962లో దేశమంతటికీ గాయిటర్ నివారణ కార్యక్రమం వచ్చింది. మీ పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఉండాల్సింది.

అలాగని మీ అమ్మకు అయోడిన్ ఉప్పు ఎక్కువ పెడితే జబ్బు తగ్గదు సుమా. కావలివాళ్ళ గొడవకు కూలి పెంచితే ఏం లాభం? ఒక్కోసారి గొడవ ముదురుతుంది కూడా.

ఈ ఆదివారం ఒక బంగాళాదుంప కోసి, తెల్లటి ముఖం మీద మీ ఇంటి ఉప్పు చల్లండి. నిమిషం ఆగి రెండు చుక్కలు నిమ్మరసం వేయండి. నీలం తిరిగితే అయోడిన్ ఉన్నట్టు. ఎంత ఉందో మాత్రం ఇది చెప్పదు. పక్కింటి కల్లుప్పుతో కూడా చేసి చూడండి. అమ్మకు ఎనిమిది వారాల తర్వాత చేసే పరీక్షలో టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రెండు అంకెలూ కార్డు మీద రాసి పంపండి.

మీ తాత