చెనక్కాయ మనదేనని ఒంటికి చెప్పాలి

తిరుపతి

పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు చిట్టికి చెనక్కాయల ఉండ పెట్టింది నేనే. కాసేపటికే పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక పిల్ల గిలగిల్లాడిపోయింది. ఆసుపత్రిలో తొడకు అడ్రినలిన్ సూది వేశాకే తేరుకుంది. ఆ టెన్షన్ నాకింకా పోలేదు. "చెనక్కాయ విషమా తాతా?" అని మీరడిగితే ఆ రోజు నోట మాట రాలేదు. డాక్టరును అడిగి, చదివి తెలుసుకున్నది ఇప్పుడు రాస్తున్నాను.

విషం కాదు నాయనా. మన రైతులు తరతరాలుగా పండించే పంట. నారాయణి, ధరణి అనే రకాలు తిరుపతి పరిశోధన కేంద్రంలోనే పుట్టాయి. తప్పు కాయది కాదు, చిట్టిది అసలే కాదు.

రాత్రిపూట చేనుకాడ అడవి పందులు పడకుండా కాపలా కాస్తారు కదా. చీకట్లో ఇంటిమనిషినే పంది అనుకుని కర్ర ఎత్తితే ఎట్లుంటుంది? చిట్టి ఒంట్లో జరిగింది అదే. ఒంటిని కాపాడే ఐజీఈ అనే ప్రతిరక్షకాలు, మాస్ట్ కణాలనే కాపలా కణాల మీద కూర్చుని చెనక్కాయ ప్రోటీన్ కోసం కాచుకుని ఉంటాయి. ఒక ప్రోటీన్ రెండు ఐజీఈలను కలిపి పట్టుకుందంటే చాలు, ఆ కణం హిస్టమిన్‌ లాంటి రసాయనాలు గుమ్మరిస్తుంది. వాపు, దురద, ఆయాసం వాటి వల్లే.

"ఆగు, వీడు మనవాడే" అని చెప్పే పెద్దమనిషి కూడా ఒంట్లో ఉన్నాడు. ఆ పని చేసే రక్తకణాలను నియంత్రక టీ కణాలంటారు. 1995లో వాటిని గుర్తించిన జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచికి, మరో ఇద్దరితో కలిపి 2025లో నోబెల్ ఇచ్చారు.

ఇప్పటికే ఒక ఇమ్యునోథెరపీ, అంటే ఒంటికి కొద్దికొద్దిగా అలవాటు చేసే వైద్యం, వచ్చింది. 2020లో అమెరికా అనుమతించిన చెనక్కాయ పొడి అది. అర మిల్లీగ్రాము ప్రోటీన్‌తో మొదలుపెట్టి, నెలల తరబడి పెంచుకుంటూ రోజుకు 300 మిల్లీగ్రాముల దాకా తెస్తారు. పొరపాటున కాస్త నోట్లో పడినా ప్రమాదం తగ్గుతుంది. కానీ మానేస్తే చాలామందికి ఆ రక్షణ నిలవదు. ఒళ్లు ఓర్చుకుంటోందే గానీ, తనలో కలుపుకోలేదన్నమాట. పైగా ఆ మందే అలర్జీ తెప్పించవచ్చు.

అందుకే ప్రోటీన్‌ను చిన్న ముక్కలు చేసి చూస్తున్నారు. రెండు ఐజీఈలను అందుకోలేనంత పొట్టిగా, టీ కణాలు ఆనవాలు పట్టేంత పొడవుగా! ఇది చదివినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో. ఇంకొందరు ప్రోటీన్‌ను కంటికి కనబడనంత సన్నటి నలుసుల్లో దాచి పంపుతున్నారు. ఐజీఈ కంట పడకుండా కాలేయంలోని కణాలకు చేరి, అక్కడ నెమ్మదిగా పరిచయం చేసుకోవాలని వాళ్ల ఆలోచన. ఇవింకా పరీక్షల్లోనే ఉన్నాయి.

రవ్వంత రవ్వంత పెట్టి అలవాటు చేద్దామని ఇంట్లో ఎవరూ మొదలుపెట్టొద్దు. అమ్మానాన్నలకు కూడా ఇది చదివి వినిపించండి. అది డాక్టరు కళ్లముందు చేయాల్సిన పని.

అవ్వ చిట్టి కోసం వేరే రోలు కొనింది. ఎండాకాలం సెలవులకు వస్తే రాగిముద్దలోకి చెనక్కాయల ఊరిబిండి బదులు పుల్లగూర చేస్తుందంట. డాక్టరు రాసిచ్చిన సూదిమందు మాత్రం మరిచిపోకుండా తెచ్చుకోండి.

మీ తాత