తీరం దగ్గరికి ఆలస్యంగా వచ్చిన కొలతలు

సముద్ర ఆమ్లీకరణ, అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి సముద్రపు నీరు ఆమ్లం వైపు జరగడం, ప్రస్తావనకు రాగానే వినిపించే అంకె ఒకటుంది. పరిశ్రమలు పెరగక ముందు 8.2 దగ్గర ఉన్న సముద్రపు పైనీటి పీహెచ్ (ఆమ్లతను చెప్పే కొలమానం, అంకె తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) ఇప్పుడు 8.1 దగ్గరికి దిగింది. చూడ్డానికి చిన్న తేడాయే. కానీ పీహెచ్ లాగరిథమ్ కొలమానం కాబట్టి 0.1 తగ్గిందంటే నీటిలో హైడ్రోజన్ అయాన్లు సుమారు 26 శాతం పెరిగినట్టు. అయితే ఇది ప్రపంచ సగటు. దానికి ఆధారమైన కొలతల్లో ఎక్కువ భాగం నడి సముద్రంలో తీసుకున్నవే. ఆల్చిప్పలు పెరిగేదీ, ఎన్నో రకాల చేపపిల్లలు ఎదిగేదీ, చిన్న పడవల వాళ్లు వలలు వేసేదీ తీరం దగ్గర. అక్కడి నీటిని వరసగా కొలవడం మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది.

పీహెచ్ అనే కొలమానాన్ని డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909లో ఇచ్చాడు. సముద్రపు నీటికి దాన్ని వాడటం ఆ వెంటనే మొదలైంది. కానీ సముద్రం మనిషి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను ఎంత మింగుతుందన్నది చాలాకాలం పెద్ద ప్రశ్నగా ఎవరికీ తోచలేదు. అంత నీటికి ఆ వాయువు ఒక లెక్కా అన్న ధీమా ఉండేది. 1957లో రోజర్ రెవెల్, హన్స్ స్యూస్ కలిసి రాసిన పత్రం ఆ ధీమాను దెబ్బతీసింది. కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ దాన్ని ఇంకా తీసుకోకుండా సముద్రపు రసాయనికతే అడ్డుపడుతుందని వాళ్లు చూపించారు. మరుసటి ఏడాది చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా మీద గాలిని కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు 313 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎన్ని భాగాలో చెప్పే లెక్క) దగ్గర ఉన్న అంకె ఇప్పుడు 420 దాటింది.

గాలికి అలాంటి లెక్క దొరికినా, నీటికి దొరకడానికి మరో 30 ఏళ్లు పట్టింది. 1988లో హవాయికి ఉత్తరాన అలోహా కేంద్రంలోనూ, అట్లాంటిక్‌లో బెర్ముడా దగ్గరా క్రమం తప్పని కొలతలు మొదలయ్యాయి. పీహెచ్ ఏడాదికి సుమారు 0.002 చొప్పున తగ్గుతోందని అక్కడే తేలింది.

అంత సన్నని మార్పును పట్టుకోవాలంటే కొలత మీద గట్టి నమ్మకం ఉండాలి. ఒకే నీటిని రెండు ల్యాబులు కొలిస్తే వచ్చే తేడా, ఏళ్ల తరబడి జరిగిన మార్పుకంటే ఎక్కువగా ఉంటే ఇక దేన్ని నమ్మాలి? ఈ చిక్కును తీర్చింది అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో ఆండ్రూ డిక్సన్ బృందం. 1990 ప్రాంతం నుంచి వాళ్లు జాగ్రత్తగా కొలిచి సీలు వేసిన సముద్రపు నీటి సీసాలను ప్రపంచమంతటా ల్యాబులకు పంపుతున్నారు. ఆ సీసా మీద ఉన్న అంకెతో ఎవరి పరికరాన్ని వాళ్లు సరిచూసుకోవచ్చు. ఈ చరిత్రలో దక్కాల్సినంత పేరు దక్కని పని ఇదేనని నా అభిప్రాయం. అది లేకపోతే మిగతా లెక్కలేవీ నిలబడేవి కావు.

మరి తీరాన్ని ఎందుకు వదిలేశారు? అక్కడి నీరు నిలకడగా ఉండదు. పగలు నీటిమొక్కలు కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటాయి, రాత్రి అన్ని జీవులూ కలిసి తిరిగి వదులుతాయి. ఆటుపోట్లు, నదుల మంచినీరు, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువులు ఉండనే ఉన్నాయి. సముద్రపు గడ్డి దట్టంగా పెరిగే కొన్ని చోట్ల పీహెచ్ ఒక్క రోజులోనే 0.5 దాకా ఊగుతుంది. ఏడాదికి 0.002 మార్పును వెతికేవాళ్లు ఈ గందరగోళానికి దూరంగా వెళ్లడం శాస్త్రపరంగా సబబే. కానీ దాని మూల్యం తీరం మీద ఆధారపడ్డవాళ్లు చెల్లించారు.

ఆ సంగతి బయటపడింది అమెరికా పశ్చిమ తీరంలో. 2007 ప్రాంతంలో ఒరెగాన్‌లోని నెటార్ట్స్ అఖాతం ఒడ్డున ఉన్న విస్కీ క్రీక్ హేచరీలో ఆల్చిప్ప పిల్లలు గుంపులు గుంపులుగా చనిపోవడం మొదలైంది. ఎందరో రైతులకు పిల్లలను సరఫరా చేసే హేచరీ అది. మొదట విబ్రియో బ్యాక్టీరియాను అనుమానించారు. నీటిని శుద్ధి చేసినా చావులు ఆగలేదు. చివరికి అక్కడి అలన్ బార్టన్, ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన బర్క్ హేల్స్ తదితరులు నీటిలో కార్బన్‌ను కొలిచారు. కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. దాని నుంచి వచ్చే హైడ్రోజన్, చిప్ప కట్టుకోవడానికి కావలసిన కార్బొనేట్‌ను తినేస్తుంది. పుట్టిన రెండు రోజుల్లోపు తొలి చిప్ప కట్టుకోవలసిన పిల్లకు ఇది చావుబతుకుల సమస్య.

అంత కార్బన్ ఎక్కడి నుంచి వచ్చింది? ఉత్తరపు గాలులు బలంగా వీచినప్పుడు పైనీరు తీరం నుంచి పక్కకు తోసుకుపోయి, లోతు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. 2007 వేసవిలో రిచర్డ్ ఫీలీ బృందం కెనడా నుంచి మెక్సికో దాకా ఓడలో వెళ్లి ఆ నీటిని కొలిచింది. చిప్పను కరిగించే స్థాయి నీరు తీరం దగ్గరి లోతు తక్కువ సముద్రంలోకే వస్తోందని 2008లో ప్రకటించింది. నన్ను ఇప్పటికీ కలవరపెట్టే విషయం ఒకటుంది. ఆ నీరు చివరిసారి గాలిని తాకింది దశాబ్దాల కిందట. అంటే అందులో గాలి నుంచి చేరినది అప్పటి కార్బన్. ఇవాళ కరుగుతున్నది పైకి రావడానికి ఇంకా టైముంది.

కొలతలే హేచరీని నిలబెట్టాయి. ఏ పూట నీరు బాగుందో సెన్సర్లు చెప్పేవి. అఖాతంలోని గడ్డి పగలంతా కార్బన్ లాగేశాక మధ్యాహ్నం తర్వాత ట్యాంకులు నింపుకోవడం, అవసరమైతే ఆమ్లతను తగ్గించే సోడా యాష్ (సోడియం కార్బొనేట్) కలపడం అలవాటు చేసుకున్నారు. ఉత్పత్తి కోలుకుంది.

తీరపు కొలతలకు ఊపు వచ్చింది ఆ తర్వాతే. 2011లో వేయ్‌జున్ కాయ్ బృందం గల్ఫ్ ఆఫ్ మెక్సికో, తూర్పు చైనా సముద్రాల్లో మరో కారణాన్ని చూపించింది. ఎరువుల వల్ల పెరిగిన నాచు చచ్చి అడుగున కుళ్లి, గాలి నుంచి వచ్చిన కార్బన్‌కు తోడవుతోంది. అంటే కొంత తప్పు స్థానికంగానే దిద్దుకోవచ్చు. 2012, 2013ల్లో సియాటిల్‌, సెయింట్ ఆండ్రూస్ సమావేశాల్లో గోవా-ఆన్ అనే ప్రపంచ పరిశీలన నెట్‌వర్క్ రూపు దిద్దుకుంది. అది కొలతలను రెండు స్థాయిలుగా విడదీసింది. పీహెచ్‌లో 0.02 అటూఇటూ అయినా రోజువారీ నిర్ణయాలకు చాలు. దశాబ్దాల మార్పును పట్టాలంటే 0.003 కావాలి. ఈ విభజన వల్ల ఖరీదైన ల్యాబులు లేని దేశాలకూ దారి దొరికింది. 2015లో సముద్ర ఆమ్లీకరణ ప్రభావాలను తగ్గించడం ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 14.3గా చేరింది. సముద్రపు ఆమ్లతను కొలవడం దానికి సూచిక అయింది. అదే ఏడాది మంచి పీహెచ్ సెన్సర్ల కోసం పెట్టిన 20 లక్షల డాలర్ల ఎక్స్‌ప్రైజ్ పోటీలో, సముద్రానికి ఎంతో దూరంగా మోంటానాలో ఉన్న సన్‌బర్స్ట్ సెన్సర్స్ గెలిచింది.

ఇంకా తీరని చిక్కు ఒకటుంది. పీహెచ్, కార్బన్ డయాక్సైడ్ పీడనం, మొత్తం కరిగిన కార్బన్, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి), ఈ నాలుగింటిలో ఏ రెండు తెలిసినా మిగతావి లెక్కకట్టవచ్చు. బోయాల (నీటిలో లంగరు వేసి తేలేలా ఉంచే సాధనాల) మీద నెలల తరబడి పనిచేసే సెన్సర్లు ఎక్కువగా మొదటి రెండింటివే. ఆ రెండూ దాదాపు ఒకే తీరున కదులుతాయి కాబట్టి, వాటితో కార్బొనేట్ లెక్క వేస్తే చిన్న పొరపాటు కూడా పెద్దదవుతుంది. నడి సముద్రంలోనైతే ఉప్పదనాన్ని బట్టి క్షారతను అంచనా కట్టవచ్చు. నదీముఖాల్లో ఆ సూత్రం పనిచేయదు. ఒక్కో నది నీటి క్షారత ఒక్కో తీరు, వరదొస్తే అదీ మారిపోతుంది. అందుకే అక్కడ ఇప్పటికీ సీసాలో నీళ్లు పట్టి, సూక్ష్మజీవులు మార్చేయకుండా కాస్త మెర్క్యురిక్ క్లోరైడ్ కలిపి ల్యాబుకు పంపాల్సి వస్తోంది. నీటిలోనే ఉండి క్షారతను కొలిచే పరికరాలు తయారవుతున్నాయి గానీ, పీహెచ్ సెన్సర్లంత విరివిగా ఇంకా వాడకంలోకి రాలేదు.