విరిగిన భుజంలో కృత్రిమ కీలుకు ఆనవాళ్ల వెతుకులాట

భుజం దగ్గర హ్యూమరస్ (మోచేతి పైనున్న చేతి ఎముక) నాలుగు ముక్కలైనప్పుడు, కీలులో ఇమిడే గుండ్రటి పైభాగానికి, అంటే దాని తలకు రక్త ప్రసరణ తెగిపోయే ప్రమాదం ఉంటుంది కనుక, లోహపు తలను అమర్చే పద్ధతి 1950లలో మొదలైంది. అయితే ఆ తలను ఎంత ఎత్తులో నిలపాలి, ఎంత వెనక్కు తిప్పాలి అన్న రెండు ప్రశ్నలు ఆనాటి నుంచీ శస్త్రవైద్యులను వెంటాడుతూనే ఉన్నాయి.

ఈ చరిత్రను 1893లో పారిస్‌లో శస్త్రవైద్యుడు పేయాన్ అమర్చిన ప్లాటినం, రబ్బరు కీలుతో మొదలుపెట్టడం ఆనవాయితీ. కాని అది క్షయ సోకిన భుజానికి చేసిన చికిత్స. దానికీ ఈ సమస్యకూ చుట్టరికం తక్కువే. అసలు మూలం అమెరికా శస్త్రవైద్యుడు కాడ్మన్ 1934లో చేసిన పరిశీలనలో ఉంది. ఎదిగే వయసులో ఎముక భాగాలు అతుక్కున్న గీతల వెంబడే ఈ ఎముక తల, పెద్ద బొడిపె, చిన్న బొడిపె (భుజాన్ని తిప్పే కండరాలు అతుక్కునే ఉబ్బులు), కాండం అనే నాలుగు ముక్కలుగా విరుగుతుందని ఆయన గుర్తించారు. 1970లో అమెరికా శస్త్రవైద్యుడు నీర్ ప్రకటించిన, ఈ ఎముక విరిగే తీరుల వర్గీకరణకు అదే పునాది. లోహపు తల అమరికపై నీర్ 1955లోనే రాశారు.

కీళ్లు అరిగిన రోగిలో తలను కోసి తీసినా మిగిలిన ఎముకే కొత్త తల ఎత్తును చూపిస్తుంది. ఎముక విరిగిన రోగిలో ఆ ఆధారం ఉండదు: కాండం బోలులోకి దించిన లోహపు కాడ పైకీ కిందికీ జారుతుంది, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. మొదట్లో ముంజేతిని ఆధారంగా చేసుకుని అందరికీ ఒకే కోణం పాటించేవారు. కాని ఆ కోణం మనిషికీ మనిషికీ పదుల డిగ్రీల తేడాతో ఉంటుందని కొలతల్లో తేలింది.

తరువాత చేయి ముందరి కండరమైన బైసెప్స్ టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నారతాడు) నడిచే ఎముక గాడిపై దృష్టి పడింది. లోహపు కాడ అంచును ఆ గాడికి కాస్త వెనుకగా నిలిపితే తల సరైన దిశలో ఉంటుందని భావించారు. చిక్కేమిటంటే, ఆ గాడి నిటారుగా దిగదు, కిందికి వచ్చేకొద్దీ లోపలికి తిరుగుతుంది. పై మట్టంలో తీసిన కొలతను ఎముక విరిగిన కింది మట్టంలో వాడితే తల అవసరానికి మించి వెనక్కు తిరుగుతుంది. అప్పుడు చేతిని పొట్టకు ఆనించి కట్టిన ప్రతిసారీ పెద్ద బొడిపెపై లాగుడు పడి, దాన్ని పట్టి ఉంచిన కుట్లు వదులవుతాయి. తల మరీ ఎత్తుగా, మరీ వెనక్కు తిరిగి, బొడిపె మరీ కిందికి ఉండటం అనే మూడు లోపాలూ కలిసినప్పుడు ఫలితం అన్నిటికన్నా చెడ్డగా ఉంటుందని 2002లో ఫ్రాన్స్‌కు చెందిన బ్వాలో బృందం చూపింది.

ఎత్తు విషయంలో ఉపయోగపడిన ఆనవాలు ఎముకపై కాదు, దానికి అతుక్కున్న ఛాతీ పెద్ద కండరపు టెండన్ వద్ద దొరికింది. ఇది సాధారణంగా ఎముక విరిగిన చోటుకు దిగువనే ఉండి చెక్కుచెదరదు. దాని పై అంచు నుంచి తల శిఖరానికి సగటున 5.6 సెంటీమీటర్లని 2006లో మురాచోవ్‌స్కీ బృందం మృతదేహాలపై కొలిచింది. పొడగరికీ పొట్టివారికీ అదే అంకె పట్టుకోవడం పొరపాటే అయినా, ఏ ఆధారమూ లేనిచోట అది చాలా విలువైనదే.

1985లో ఫ్రాన్స్ శస్త్రవైద్యుడు గ్రామాంట్ రూపొందించిన తలకిందుల కీలును (బంతిని భుజపు గుంట వైపు, గిన్నెను చేతి ఎముక వైపు అమర్చేది) ఇప్పుడు వృద్ధుల్లో ఇలా ఎముక విరిగినప్పుడు ఎక్కువగా ఎంచుకుంటున్నారు. బొడిపెలు అతుక్కోకపోయినా భుజాన్ని కప్పే డెల్టాయిడ్ కండరం బలంతో చేయి పైకి లేస్తుంది కాబట్టి దానిలో కొలత తప్పినా సరిపోతుందని కొందరు అనుకుంటారు. అయితే ఎత్తు తగ్గితే ఆ కండరం వదులై కీలు తప్పుతుంది, బొడిపె అతకకపోతే చేయి బయటికి తిరగడం కష్టమవుతుంది.