"మర్చిపో" అంటే తగ్గని భయం

రోడ్డు ప్రమాదం నుంచి బతికి బయటపడ్డవాళ్లకు చుట్టూ ఉన్నవాళ్లు చెప్పేది ఒకటే: "అయిపోయిందిగా, ఇక మర్చిపో." ప్రేమతో అనే మాటే. కానీ ఆర్నెల్ల తర్వాత కూడా ఎక్కడో బ్రేకు కీచుమంటే చాలు, కొందరికి గుండె దడదడలాడుతుంది, అరచేతులకు చెమట పడుతుంది. జరిగింది గుర్తొచ్చినట్టు ఉండదు, మళ్లీ జరుగుతున్నట్టే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇలాంటి బాధకు 'షెల్ షాక్' అని పేరు పెట్టారు, ఎందరో సైనికులను పిరికివాళ్లన్నారు. ఇప్పుడు దీన్ని పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, ఘోరమైన అనుభవం తర్వాత వదలకుండా వెంటాడే మానసిక బాధ) అంటున్నారు. ఆ పేరు అమెరికా మానసిక వైద్యుల జబ్బుల జాబితాకెక్కింది 1980లోనే.

ఈ భయాన్ని బతికించే వాటిలో ముఖ్యమైనది తప్పించుకు తిరగడం. ఆ రోడ్డు వదిలి చుట్టుదారిన వెళ్తే అప్పటికి ప్రాణం కుదుటపడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. తప్పుకున్నాం కాబట్టే బతికామని మెదడు లెక్క వేసుకుంటుంది. ఆ రోడ్డు మీద ఈరోజు ఏమీ జరగదని తెలుసుకునే అవకాశమే దానికి దొరకదు.

అలాగని మర్నాడే కూర్చోబెట్టి అంతా చెప్పించడమూ మందు కాదు. ఒక్క సిట్టింగ్‌లో అలా చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. పరీక్షించి చూస్తే అది పీటీఎస్‌డీని ఆపలేదు, కొందరికి కీడే చేసింది. నిజానికి చాలామంది వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు. 1992లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, అత్యాచారానికి గురైన మహిళల్లో సుమారు రెండు వారాలకు 94 శాతం మందిలో ఈ లక్షణాలు కనిపించాయి. మూడు నెలలకు అది 47 శాతానికి తగ్గింది.

చికిత్స అవసరమయ్యేది ఆ తగ్గనివాళ్లకు. ఎడ్నా ఫోవా అనే సైకాలజిస్ట్ రూపొందించిన పద్ధతిలో మనిషి కళ్లు మూసుకుని, జరిగినదాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు చెబుతాడు: "లారీ ఎదురొస్తోంది, లైట్లు కళ్లల్లో పడుతున్నాయి..." మధ్యమధ్యలో థెరపిస్ట్ అడుగుతారు, భయం సున్నా నుంచి వందలో ఎంత అని. అయ్యాక మళ్లీ మొదటి నుంచి చెప్పిస్తారు. దాన్ని రికార్డు చేసి ఇంటికిస్తారు, రోజూ వినాలి. వినడానికే కష్టంగా ఉంది కదా? నాకూ మొదట ఇది క్రూరంగా అనిపించింది. కానీ వారాలు గడిచేకొద్దీ చాలామందిలో ఆ అంకె దిగుతుంది.

భయం దిగాక, అంతవరకు కనపడనివి కనపడతాయి. నా తప్పే, బ్రేకు వేయలేదు అని నెలల తరబడి కుమిలిపోయిన డ్రైవర్, ఏ పదోసారో చెబుతూ మధ్యలో ఆగిపోవచ్చు. తన కుడికాలు బ్రేకు మీదే ఉందని, బలమంతా పెట్టి తొక్కే ఉన్నానని అప్పుడు గుర్తొస్తుంది.