దొరువు నీళ్ళకి ధర కట్టేదెట్టా?

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు, బకింగ్‌హాం కాలవ దాటినాక ఇసక దిబ్బల మధ్య ఉంటది. చిన్నప్పుడు సెలవులకి పోతే నాకు ఎంతకీ అర్థం కాని సంగతి ఒకటుండేది, రాత్రిపూట సముద్రం హోరు వినపడేంత దగ్గర కదా, మరి ఇసకలో నాలుగడుగులు తవ్వితే తియ్యటి నీళ్ళు ఎట్టా ఊరతన్నాయి అని. ఆ గుంటనే దొరువు అంటారు, మన తీరం ఊళ్ళల్లో అందరికీ తెలిసిందే. నారుమడికి, ఆకుకూరలకి, గొడ్లకి, ఇంట్లో తాగడానికి అన్నిటికీ అవే నీళ్ళు.

తర్వాత చదువుకున్నాక తెలిసింది దాని గుట్టు. దిబ్బ మీద పడిన వాన ఇసకలోకి ఇంకిపోయి, కింద ఉన్న ఉప్పునీళ్ళలో వెంటనే కలిసిపోకుండా వాటి మీద తేలతా ఉంటది, ఎందుకంటే లీటరు సముద్రపు నీళ్ళు లీటరు మంచినీళ్ళ కంటే ఓ 25 గ్రాములు బరువెక్కువ. ఈ చిన్న తేడాతోనే నడుస్తది అంతా. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మేర మంచినీళ్ళు నిలిస్తే, మట్టానికి కింద దాదాపు 40 అడుగుల లోతు దాకా మంచినీళ్ళే ఉంటాయని ఘైబెన్, హెర్జ్‌బర్గ్ అని ఇద్దరు వందేళ్ళ పైమాటే విడివిడిగా లెక్కకట్టారు. దీన్ని తిరగేసి చూస్తేనే భయం, బోర్లు వేసి గట్టిగా తోడి ఆ పై మట్టాన్ని ఒక్క అడుగు దించితే, కాలం గడిచేకొద్దీ కింద నుంచి ఉప్పునీళ్ళు 40 అడుగులు పైకి ఎక్కుతాయి. మన పెద్దోళ్ళు దొరువు లోతుగా తవ్వకుండా వెడల్పుగా తవ్వి పైపైన తోడుకున్నారంటే, ఈ లెక్క వాళ్ళకి చేతల్లో తెలిసినట్టే.

మరి ఈ దిబ్బ చేసే పనికి ఎప్పుడన్నా ఎవరన్నా బిల్లు వేశారా? వెయ్యలేదు. ఊరి పక్కన రొయ్యల గుంటలు వచ్చినాక, ఆ గుంటల్లో నిలబెట్టిన ఉప్పునీళ్ళు ఊటల్లోకి దిగి, పైగా బోర్లు కూడా పెరిగి, దొరువులు ఒకటొకటిగా ఉప్పెక్కాయి. ఇప్పుడు ఊళ్ళోకి ఆటోలో వాటర్ క్యాన్లు వస్తాయి. ఇంటికి రోజుకి రెండు క్యాన్లు, ఒక్కోటి 15 రూపాయలు అనుకున్నా ఏడాదికి 10,950 అవుతది, 300 గడప ఉన్న ఊరికి దాదాపు 33 లక్షలు. ఏటేటా. ఇది ఒక్క తాగేదానికే, గొడ్లకి, మడికి కలపలేదు. ప్రకృతి ఉచితంగా చేసే పని ఆగిపోతే దాన్ని బయట కొనడానికి ఎంతవుతదో చూసి ఆ పనికి విలువ కట్టడం, ఆర్థికశాస్త్రంలో ఇదొక పద్ధతి, భర్తీ ఖర్చు (రీప్లేస్‌మెంట్ కాస్ట్) అంటారు. ఇంకో సంగతి, క్యాన్ అమ్మితే దేశం జీడీపీ పెరుగుతది, దొరువులో ముంచుకుంటే పెరగదు. అంటే నీళ్ళు చెడిపోవడం మన లెక్కల పుస్తకంలో ఆదాయం కింద పడింది.

ఈ పద్ధతిని నిజంగా వాడి డబ్బు మిగుల్చుకున్నోళ్ళూ ఉన్నారు. న్యూయార్క్ నగరానికి నీళ్ళు క్యాట్‌స్కిల్ కొండల నుంచి వస్తాయి. 1990లలో శుద్ధి ప్లాంటు కట్టాల్సిన పరిస్థితి వస్తే 600 నుంచి 800 కోట్ల డాలర్లు అవుతదని అంచనా, దాని బదులు ఆ కొండల్లో భూములు కొని, రైతులతో ఒప్పందాలు చేసుకుని, అడవిని నేలని కాపాడుకుంటే సుమారు 150 కోట్లతో పోతదని తేలింది, 1997లో ఒప్పందం కుదిరి అదే చేశారు.

మన దగ్గర కూడా ఇట్టాంటి లెక్క ఒకటి సుప్రీంకోర్టు దాకా పోయింది, మన తీరం గురించే. రొయ్యల చెరువుల మీద జగన్నాథన్ అనే గాంధేయవాది వేసిన కేసులో 1996 డిసెంబర్ 11న తీర్పొచ్చింది. నాగపూర్‌లోని నీరి సంస్థ, అంటే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, కోర్టుకి ఇచ్చిన అంచనా ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తీరం రొయ్యల మీద ఏడాదికి వచ్చే రాబడి 1,500 కోట్లు, పంటభూమికీ నీళ్ళకీ బతుకుతెరువులకీ జరిగే నష్టం 6,300 కోట్లు. రూపాయి వస్తే నాలుగు రూపాయలు పోయినట్టు. తీర ప్రాంతంలో 500 మీటర్ల లోపు చెరువులు తీసెయ్యమని కోర్టు చెప్పింది, కానీ 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకున్న చెరువులకి దారి ఇచ్చింది. రొయ్యల వల్ల బాగుపడ్డ ఇళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నాయి, అది అబద్ధం అనను. నేనడిగేది ఒకటే, ఆ రూపాయి ఒకరి జేబులోకి పోయి ఈ నాలుగు రూపాయలు ఇంకొకరి జేబులోంచి పోతే దాన్ని లాభం అనగలమా?

అయితే ధర కట్టడం అనేది జాగ్రత్తగా చెయ్యాల్సిన పని. సుప్రీంకోర్టు వేసిన ఒక కమిటీ 2021లో చెట్టుకి ఏడాదికి 74,500 రూపాయల విలువ అని చెప్పింది, అందులో 45,000 ఒక్క ఆక్సిజన్‌కే. నాకు ఇది నచ్చలేదు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంది, ఒక చెట్టు కొట్టేస్తే అది తగ్గి ఊపిరాడని వాళ్ళెవరూ ఉండరు, ఆస్పత్రి సిలిండర్ రేటుతో దాన్ని కొలవడం సరికాదు. అదే చెట్టు ఇచ్చే నీడ, ఆపే వరద, కట్టిపెట్టే దుమ్ము, వీటికి కొరత ఉంది, అక్కడ లెక్కకి అర్థం ఉంది. 1997లో రాబర్ట్ కాస్టాంజా బృందం భూమి మొత్తం మీద ప్రకృతి సేవల విలువ ఏడాదికి 33 లక్షల కోట్ల డాలర్లు అని నేచర్ పత్రికలో వేస్తే, మైకేల్ టోమన్ అనే ఆర్థికవేత్త అది అనంతాన్ని బాగా తక్కువగా అంచనా వెయ్యడం అన్నాడు. మొత్తం పోతే మనుషులే ఉండరు కదా, దానికి రేటెక్కడిది. లెక్క పనికొచ్చేది ఇంత దిబ్బ పోతే ఎంత నష్టం, ఈ చెరువు ఉంటే ఎంత మేలు అన్నంత చిన్న ప్రశ్న అడిగినప్పుడే.

ఉమ్మడి నెల్లూరులోని నేలపట్టులో గూడబాతులు చెరువులోని చెట్ల మీద గూళ్ళు కడతాయి. వాటి రెట్టలు కలిసిన నీళ్ళు పారితే పైరు బాగుంటదని ఆ రైతులు తరాలుగా పక్షుల జోలికి పోలేదు. ఆ నీళ్ళలో నత్రజని, భాస్వరం ఎంతుందో కొలిచి ఎన్ని బస్తాల ఎరువుకి సమానమో చెప్పొచ్చు, చెప్పాలి కూడా. కానీ ఎరువు రేటు రేపు పడిపోతే పక్షి విలువ పడిపోయిందా అంటే పడిపోలేదు, అందుకని ఆ లెక్క ఒక్కదాని మీదే పక్షుల్ని కాపాడదాం అనుకోకూడదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది వేరే ఉంది. అమ్మమ్మ ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక ముసలమ్మ ఉంటది, ఒంటరి మనిషి, ఆమె రెండు రోజులకి ఒక క్యాన్ కొంటది, మిగతా వాడకానికి ఆ ఉప్పెక్కిన దొరువు నీళ్ళే. కొన్న క్యాన్లు లెక్కేసి నష్టం కడితే మా ఇంటి నష్టం ఆమె నష్టానికి నాలుగింతలు అని వస్తది. నీళ్ళు పోయింది ఆమెకి ఎక్కువ, కాయితం మీద తక్కువ. జేబులో డబ్బుని బట్టి విలువ కొలిచే ఏ పద్ధతిలోనైనా ఈ తప్పు ఉంటది, అందుకే లెక్క పక్కన ఎవరి ఇంట్లో ఎంత పోయిందో విడిగా రాయాలి అంటాను.

పోయినేడు మామయ్యా నేనూ ఒక టీడీఎస్ మీటర్ కొన్నాం, నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపిస్తది, చిన్నది, పెన్నులా ఉంటది. మిగిలిన మూడు దొరువుల్లో నెలకొకసారి ముంచి నోట్‌బుక్‌లో రాస్తన్నాం. తాగే నీళ్ళకి లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని, ఇంకేం దొరక్కపోతే 2,000 దాకా ఫర్వాలేదని మన దేశ ప్రమాణం. కార్తీకం వానల తర్వాత రెండు దొరువుల్లో 500 లోపే వచ్చింది, మే నెలకి ఒకటి 1,000 దాటింది. దిబ్బ మీద ఇసక ట్రాక్టర్లకి ఎత్తిన వైపుదే అది.