ఒంచియం నీడ: మలయాళ రాజకీయ థ్రిల్లర్‌లో ద్రోహి సొంతవాడే ఎందుకవుతాడు?

చిరంజీవి ‘గాడ్‌ఫాదర్’కు మూలం ‘లూసిఫర్’ అని మనకు తెలుసు. దాని రచయిత మురళీ గోపి అంతకు ఆరేళ్ల ముందు, 2013లో, ‘లెఫ్ట్ రైట్ లెఫ్ట్’ రాశారు. అందులో ఒక పార్టీ కార్యదర్శి, ఒక లంచగొండి పోలీసు, శరీరం దెబ్బతిన్నా నోరు మూయని ఒకప్పటి కార్యకర్త ఉంటారు. ప్రతిపక్షం ఊసు పెద్దగా లేదు, గొడవంతా ఒకే గూటివాళ్ల మధ్యే. దీన్ని కథనం కోసం వేసిన ఎత్తుగా చూస్తే కేరళ అర్థం కాదు.

కోళికోడ్ జిల్లాలో ఒంచియం అనే ఊరుంది. తెలంగాణలో సాయుధ పోరాటం సాగుతున్న రోజుల్లోనే, 1948 ఏప్రిల్ 30న, కమ్యూనిస్టు నాయకులను వెతుక్కుంటూ అక్కడికి వచ్చిన పోలీసులు కాల్పులు జరిపి 8 మందిని బలిగొన్నారు. ఆ అమరుల పేర్లు వింటూ పెరిగినవాడు టి.పి. చంద్రశేఖరన్. విద్యార్థి సంఘం నుంచి ఎదిగిన సీపీఎం నాయకుడు. 2008లో ఏరామల పంచాయతీ అధ్యక్ష పదవిని మిత్రపక్షానికి వదలడంపై తగవు వచ్చింది. ఆయన తన అనుచరులతో బయటికొచ్చి వేరే పార్టీ పెట్టుకున్నారు. బయటి మనిషికి చిన్న తగవే. కానీ ఒంచియంలో పార్టీ అంటే ఇల్లు. ఇల్లు విడిచినవాడికి అక్కడొక మాటుంది: ‘కులంకుత్తి’, అంటే సొంత వంశాన్నే పొడిచినవాడు.

2012 మే 4 రాత్రి బైక్ మీద ఇంటికి వెళ్తున్న ఆయన్ను కారుతో గుద్ది నరికారు. ఒంటి మీద 51 గాయాలని కేరళ ఇప్పటికీ చెప్పుకుంటుంది. హత్య తరువాత కూడా సీపీఎం రాష్ట్ర కార్యదర్శి పినరయి విజయన్ ఆ ‘కులంకుత్తి’ మాటను వెనక్కి తీసుకోలేదు. పార్టీకి సంబంధం లేదని సీపీఎం అంది. 2014లో కోర్టు దోషులుగా తేల్చిన 12 మందిలో ముగ్గురు ఆ పార్టీ స్థానిక నాయకులు.

అదే పార్టీలో ఇంకో గొంతు లేచింది. 1964లో సీపీఐ జాతీయ మండలి నుంచి వాకౌట్ చేసి సీపీఎంకు పునాది వేసిన 32 మందిలో ఒకరైన వి.ఎస్. అచ్యుతానందన్, 2012 జూన్ 2న, నెయ్యాట్టిన్‌కర ఉప ఎన్నిక పోలింగ్ నాడే, చంద్రశేఖరన్ ఇంటికి వెళ్లి భార్య రెమను ఓదార్చారు. విజయన్‌తో ఆయన వైరం అప్పటికే పాతది. 2007లో బహిరంగంగా తగువులాడుకున్నందుకు ఇద్దరినీ పొలిట్‌బ్యూరో నుంచి సస్పెండ్ చేశారు. కెనడా కంపెనీ ఎస్‌ఎన్‌సీ లావలిన్‌కు జలవిద్యుత్ కేంద్రాల ఆధునికీకరణ పనులు ఇవ్వడంపై విజయన్ మీద వచ్చిన అవినీతి కేసు ఆ మంటకు ఆజ్యం. 2013లో సీబీఐ కోర్టు విజయన్ మీద అభియోగాలను తొలగించింది. 2017లో హైకోర్టు దాన్ని సమర్థించింది. సీబీఐ సుప్రీంకోర్టుకెక్కింది.

ఈ గాయం ఒక్క పార్టీది కాదు. ఎమర్జెన్సీలో, 1976 మార్చి 1న, కోళికోడ్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి రాజన్‌ను పోలీసులు ఎత్తుకెళ్లారు. అతన్ని తీసుకెళ్లిన కక్కయం పోలీసు శిబిరంలో తొడల మీద రోకలి దొర్లించే ‘ఉరుట్టల్’ హింస సాగేది. అప్పటి ముఖ్యమంత్రి సీపీఐకి చెందిన అచ్యుత మీనన్, హోంమంత్రి కాంగ్రెస్ నాయకుడు కరుణాకరన్. కొడుకు కోసం తండ్రి ఈచర వారియర్ ఎక్కని గడప లేదు. 1977లో ఆ తండ్రి హైకోర్టులో వేసిన కేసు తీర్పుతో, ముఖ్యమంత్రి అయిన నెలకే కరుణాకరన్ గద్దె దిగారు. రాజన్ శవం మాత్రం దొరకలేదు. ఆశయం పేరు చెప్పుకునే ప్రభుత్వంలోనే ఇది జరగడం నన్ను అన్నిటికన్నా కలవరపెడుతుంది. మలయాళ రచయితలను కూడా ఇదే వదలడం లేదనుకుంటాను.

2021లో వడకర నుంచి గెలిచిన కె.కె. రెమ, విజయన్ ముఖ్యమంత్రిగా కూర్చున్న సభలోకి భర్త బొమ్మ ఉన్న బ్యాడ్జి చీరకు పెట్టుకుని వచ్చి ప్రమాణం చేశారు.