నల్లమల దారి, నెల్లూరు పులుసు: అద్దాల పెట్టెలో భోజనం వెనక కథ

గిద్దలూరు దాటి దిగువమెట్ట చేరేసరికి రైలు కిటికీ బయట లోకం మారిపోతుంది. ఎర్రనేలలు, మెట్టచేలు వెనక్కి పోతాయి. చెట్లు పట్టాలకు దగ్గరగా జరుగుతాయి. వంపు తర్వాత వంపు, ఆపైన బొగద సొరంగం. బొగద అంటేనే సొరంగం. సొరంగం పేరే ఊరి పేరయింది. అరకు రైలుకు వచ్చిన పేరులో పదో వంతైనా ఈ దారికి రాలేదు. కొండల అందం చూస్తూ మన వంట తినే బండి ఒకటి ప్రకాశం, నెల్లూరు జిల్లాల మీదుగా నడిస్తే బాగుండుననే ఆశ అందుకే పుడుతుంది. కొండలకు కొదవ లేదు. వంటకు అంతకన్నా లేదు. చిక్కంతా పొయ్యి దగ్గర ఉంది. రైల్లో పొయ్యి ఎక్కడెక్కడ తిరిగిందో తెలిస్తే ఆ చిక్కు ఎంతటిదో అర్థమవుతుంది.

ముందు దారి సంగతి. 1876-78 నాటి ధాత కరువు రాయలసీమనూ పశ్చిమ ప్రకాశాన్నీ తుడిచిపెట్టింది. ధాన్యం ఉన్నచోటి నుంచి లేనిచోటికి చేర్చే దారి లేకపోవడం కూడా అన్ని చావులకు ఒక కారణమని ప్రభుత్వం గుర్తించింది. ఆ తర్వాత కరువు రక్షణ మార్గాలుగా వేసిన వాటిలో బళ్లారి-కృష్ణా స్టేట్ రైల్వే ఒకటి. కృష్ణా తీరాన్ని బళ్లారి వైపు కలిపే ఈ మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు వెడల్పు) లైను దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరుల మీదుగా వెళ్లి, నల్లమలలో నంది కనుమ ప్రాంతంలో కొండ దాటి నంద్యాలలో దిగింది. బొగద దాటాక గాజులపల్లె వైపు, లోయ మీద దొరబావి వంతెన కట్టారు. మీటర్ గేజ్ బండ్లు దాని మీద నత్తనడక నడిచేవి. 1990లలో బ్రాడ్ గేజ్‌గా మార్చినప్పుడు కొండల్లో కొత్త దారి వేశారు, పాత వంతెన పక్కన పడింది. మీటర్ గేజ్ మలుపుల్లో పెద్ద బండ్లు తిరగలేవు కాబట్టి ఆ మార్పు తప్పలేదు. కానీ చూడదగ్గ లోయల్లో ఒకటి ప్రయాణికుడి కంటికి దూరమైంది.

నెల్లూరు వైపు రెండో కొండదారి ఉంది. కడప వైపున్న ఓబులవారిపల్లె నుంచి కృష్ణపట్నం రేవు వైపు వేసిన ఈ లైను వెలిగొండలను చీల్చుకుని వస్తుంది. చెర్లోపల్లి, రాపూరుల మధ్య సొరంగం పొడవు 6.6 కిలోమీటర్లు. 2019 సెప్టెంబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్య నాయుడు దీన్ని ప్రారంభించారు. ఇది ప్రధానంగా సరుకు బండ్ల కోసం పుట్టిన దారి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళితే దాదాపు 8 నిమిషాలు చీకట్లోనే ఉంటాం. అద్దాల పైకప్పు ఉన్నా ఆ 8 నిమిషాలు చూడడానికేమీ ఉండదు. భోజనం వడ్డించేవాళ్లకు మాత్రం అది మంచి అవకాశం: విస్తరి వేసి, తీపి పెట్టి, సొరంగం దాటేసరికి అందరి చేతులూ ఖాళీగా ఉండేలా చూసుకోవచ్చు.

ఇక అద్దాల పెట్టె. మన దేశంలో విలాస రైలు కథ 1982 జనవరి 26న రాజస్థాన్‌లో ప్యాలెస్ ఆన్ వీల్స్‌తో మొదలైంది. 2004లో మహారాష్ట్ర డెక్కన్ ఒడిస్సీ, 2008లో కర్ణాటక గోల్డెన్ చారియట్ వచ్చాయి. అవన్నీ వారం రోజుల ప్రయాణాలు, వేల డాలర్ల టికెట్లు. మామూలు కుటుంబం ఒక పూటకు కొనగలిగే సీటు 2017 ఏప్రిల్‌లో విశాఖ-అరకు మధ్య వచ్చింది. అప్పుడే విస్టాడోమ్, అంటే గాజు పైకప్పు, పెద్ద కిటికీలున్న పెట్టె, మొదటిసారి పట్టాలెక్కింది. ఆ దారిలోనే అది ఎందుకు నిలదొక్కుకుందో చూడాలి. కొత్తవలస-కిరండూల్ లైను 1960లలో జపాన్‌కు ఇనుప ఖనిజం పంపడానికి వేసింది. 58 సొరంగాలు, పట్టపగలే కొండెక్కే బండి, అవతలి కొసన దిగి తిరగడానికి అరకు లోయ. ఈ మూడూ కలిసివచ్చాయి. తర్వాత పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ జర్మన్ నమూనా అయిన ఎల్‌హెచ్‌బీ రకం పెట్టెలు చేసింది. పెట్టెకు 44 సీట్లు, సీటు 180 డిగ్రీలు తిరుగుతుంది, ఒక కొసన నిలబడి చూసే గది ఉంటుంది. ఆ గది పనికిరావాలంటే పెట్టెను బండి చివర తగిలించాలి. మధ్యలో ఇరికిస్తే కనిపించేది పక్క పెట్టె గోడే. తిరుగు ప్రయాణంలో ఇంజన్‌ను మార్చడమే చాలదు, షంటింగ్ చేసి ఆ పెట్టెను మళ్లీ తోకకు తేవాలి. నల్లమల బండి వెనక్కి తిరగాల్సిన నంద్యాలలో ఆ పనికి లైను ఖాళీ దొరకాలి, మనుషులు కావాలి.

నల్లమల దారికి పగటి వెలుగు కూడా కుదరాలి. దూరప్రాంతాల బండ్లు అర్ధరాత్రి ఈ అడవిని దాటితే అద్దం ఉండి ఏం లాభం? ఇది ఆకురాల్చే అడవి. మార్చి నుంచి జూన్ దాకా మోడులు, వేడి తప్ప కనిపించేది తక్కువ. గాజు పైకప్పు కింద ఆ ఎండకు ఏసీ కూడా ఆయాసపడుతుంది. సెప్టెంబరు నుంచి జనవరి దాకా అసలైన కాలం. అదే నెలల్లో నెల్లూరు తీరానికి వాయుగుండాల భయం ఉంటుంది. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు, పడుగుపాడుల మధ్య పట్టాల కింద మట్టే కొట్టుకుపోయింది. కోస్తా లైను మీద ఆధారపడి టూర్ వేసేవాళ్లు ఆ నెలలో పూటకు ప్రత్యామ్నాయం ఉంచుకోవాల్సిందే.

ఇప్పుడు పొయ్యి. తొలి దశలో రైలు భోజనం రైల్లో ఉండేది కాదు. పెద్ద స్టేషన్లలో బండి ఆగేది, జనం దిగి శాకాహార, మాంసాహార భోజనశాలల్లో తిని ఎక్కేవాళ్లు. వంట ఆ ఊరి మనుషులది, ఆ ఊరి బియ్యానిది. ప్రాంతీయ రుచి అని ఎవరూ బోర్డు పెట్టనక్కర లేకుండానే అది ప్రాంతీయ రుచి. తర్వాత బండ్ల ఆగుదల తగ్గింది, ప్యాంట్రీ కార్ వచ్చింది. గ్యాసు పొయ్యి మీద బండిలోనే వండేవారు. వెయ్యి కిలోమీటర్లు పోయే బండిలో అందరికీ పనికొచ్చే వంట అంటే సాంబారూ గుడ్డు కూరే కదా. రుచి అక్కడే ఒక మెట్టు దిగింది. 1999లో రైల్వే టికెట్లు, భోజనం చూసే సంస్థ ఐఆర్‌సీటీసీ ఏర్పడింది. 2010 విధానంలో వంట బాధ్యత చాలావరకు మళ్లీ రైల్వే జోన్లకు పోయి, 2017 విధానంతో తిరిగి ఐఆర్‌సీటీసీకి చేరింది. ఈ 2017 విధానం వండడాన్నీ వడ్డించడాన్నీ విడదీసింది. బండి బయట ఉండే పెద్ద వంటశాల, అంటే బేస్ కిచెన్‌లో వండుతారు, బండిలో వేడి నిలిపి పెడతారు. మంట పొయ్యిల నుంచి విద్యుత్ హాట్ కేసులకు మారడం అగ్నిప్రమాదాల దృష్ట్యా సరైన నిర్ణయమే. 2023 ఆగస్టు 26న మదురైలో ప్రైవేటు యాత్రికుల పెట్టెలో దొంగచాటుగా తెచ్చిన గ్యాస్ సిలిండర్ 9 మంది ప్రాణాలు తీసింది. పర్యాటక బండి నడిపేవారెవరూ ఆ రోజును మరిచిపోకూడదు. మనవాళ్ల యాత్రల్లో వంటమనిషిని, గ్యాసును వెంట తీసుకుపోయే అలవాటు ఉంది. అది ఆగాలి.

2022 నవంబరులో రైల్వే బోర్డు స్థానిక వంటలు, కాలానికి తగిన పదార్థాలు మెనూలో పెట్టుకునే స్వేచ్ఛను ఐఆర్‌సీటీసీకి ఇచ్చింది. కాగితం మీద దారి తెరుచుకుంది. ఇక మంట లేని బండిలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అన్నదే ప్రశ్న.

కారం దోశ నిలవదు. నెల్లూరు కారం దోశకు ప్రాణం పెనం మీద కరకరలాడే అంచు, ఎండుమిర్చి, వెల్లుల్లి నూరిన ఎర్రకారం, పైన పప్పుల పొడి. మూతపెట్టిన హాట్ కేసులో పది నిమిషాలుంటే ఆవిరికి మెత్తబడి తోలులా సాగుతుంది. దాన్ని ప్లాట్‌ఫాం మీదే, బండి ఆగిన చోటనే తినిపించాలి. మలై కాజా కూడా ఇబ్బందే. లోపలి మీగడ వేడికి త్వరగా పులుస్తుంది కాబట్టి 5 డిగ్రీల లోపు చల్లదనం కావాలి. ఒంగోలు మైసూరు పాక్‌కు ఆ బాధ లేదు.

చేపల పులుసు మాత్రం రైలు కోసమే పుట్టినట్టుంటుంది. చింతపండు పులుపు ముక్కలోకి దిగడానికి సమయం కావాలి, అందుకే వండిన పూట కన్నా మర్నాడు బాగుంటుంది. 44 సీట్ల పెట్టెలో 24 మంది పులుసు తింటారనుకుంటే, మనిషికి 80 గ్రాముల ముక్కలు రెండు, అంటే శుభ్రం చేసిన చేప దాదాపు 4 కిలోలు. తల, పొలుసు, పొట్ట పోతాయి కనుక మొత్తం చేప 6 కిలోలు కొనాలి. చింతపండు 300 గ్రాములు, నూనె అర లీటరు, పుల్లమామిడి నాలుగు కాయలు. కొరమేను మేలు: ముళ్లు తక్కువ, ముక్క గట్టిగా ఉంటుంది. వంజరం రెండో స్థానం. బొచ్చెలో సన్నముళ్లు ఎక్కువ. కుదుపుల్లో, లోయ చూస్తూ తినేవాడికి పెట్టకూడదు. ఉల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక పులుసు మరగనిచ్చి, ధనియాల, జీలకర్ర, మెంతిపొడి కలిపి, ఆ తర్వాతే ముక్కలు వేయాలి. మామిడి ముక్కలు చివరి పది నిమిషాల్లో పడాలి, ముందే వేస్తే కరిగి పులుపు మితిమీరుతుంది. ముక్కలు పడ్డాక గరిటె పెట్టరు, దాకను అంచులు పట్టి తిప్పుతారు. అల్యూమినియం పాత్ర వాడితే చింతపండు దాన్ని తింటుంది, రంగూ రుచీ చెడతాయి. మట్టి దాక లేకుంటే స్టీలు.

ఇంట్లో పులుసును రాత్రంతా గట్టు మీద ఉంచుతారు. వ్యాపారంగా వండేటప్పుడు అలా కుదరదు. వెడల్పు పళ్లేల్లో పోసి త్వరగా చల్లార్చి, 5 డిగ్రీల లోపు దాచి, మర్నాడు ముక్క లోపలిదాకా వేడెక్కించి, వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైన ఉంచాలి. రెండోసారి వేడిచేస్తే ముక్క చితుకుతుంది, కనుక ఒక్కసారే. పాత్రను ముప్పాతికకు మించి నింపకూడదు, దిగువమెట్ట వంపుల్లో పులుసు మూత తోసుకుని బయటికొస్తుంది.

చేపల పులుసు తినని మిగతా 20 మందికి పశ్చిమ ప్రకాశం వంట ఉంది. జొన్నరొట్టె చల్లారితే విరుగుతుంది కాబట్టి గుడ్డలో చుట్టి బుట్టలో ఎక్కించాలి. రాగి సంకటిని ముద్దలుగా చేసి నూనె చెయ్యితో రాసి పేర్చితే రెండు గంటలు మెత్తగా ఉంటుంది. పక్కన ఉలవచారు, గోంగూర, కాలమైతే ఉలవపాడు మామిడి. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలతో వడ్డిస్తే ఆ చేతిపనివారికి కూడా నాలుగు డబ్బులు వస్తాయి. సంకటికి స్టీలు కన్నా చెక్క గరిటే నప్పుతుంది కూడా.

వంట ఎక్కడ చేయాలన్నదే మిగిలింది. గుంటూరులో వండి తెస్తే కొండలు వచ్చేసరికి మూడు, నాలుగు గంటలు గడిచిపోతాయి, బండి ఆలస్యమైతే అన్నం ఎండిపోతుంది. మార్కాపురం రోడ్డు, గిద్దలూరు స్టేషన్ల దగ్గర ఆహార భద్రత లైసెన్సు ఉన్న వంటశాల పెట్టి, బండి వెనక స్టేషన్ వదిలాక అన్నం పొయ్యి మీంచి దింపి, పదిహేను నిమిషాల ఆగుదలలో ఎక్కించుకోవచ్చు. ఆకులు, ముళ్లు, మిగిలిన అన్నం నంద్యాలలోనే దించాలి. కిటికీ లోంచి విసిరితే కోతులు పట్టాల మీదికి అలవాటు పడతాయి, అడవి జంతువులు వాటి వెనకే వస్తాయి.